4కే మానిటరా, 1440పీనా? కార్డు 4060, చేతిలో 32 వేలు

కావలి_కుర్రోడు
నాలుగు నెలల నుంచి తేలని పంచాయతీ ఇది. ఇప్పుడు వాడేది 22 అంగుళాల 1080పీ (తెర మీద 1080 వరుసల చుక్కలు) మానిటరు, ఇంటర్లో ఉన్నప్పుడు మా నాయన కొనిచ్చింది. పోయిన దసరాకి పీసీ కొత్తగా కట్టించుకున్నా: ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్. ఇంక మానిటరు ఒక్కటే బాకీ. ట్యూషన్లు చెప్పి 32 వేలు కూడబెట్టా. అంతకుమించి రూపాయి లేదు.

మొన్న నెల్లూరు ట్రంకురోడ్డులో ఒక షాపుకి పోయా. 27 అంగుళాల 4కే (2160 వరుసలు) చూపించాడు, 60 హెర్ట్జ్ (సెకనుకి 60 సార్లు బొమ్మ మారుద్ది), 29 వేలు. సముద్రం అడుగున చేపలు ఈదే వీడియో వేశాడు. పొలుసులు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు, అట్టుండాది. పక్కనే అదే సైజులో 1440పీ, ఐపీఎస్ రకం తెర, 180 హెర్ట్జ్, 21 వేలు. దాంట్లో వీడియో ఏం లేదు, ఉత్త నీలం రంగు విండోస్ తెర. నా కళ్ళు 4కే మీద నుంచి రావడంల. ఆడేది సగం వాలరెంట్ (తుపాకుల ఆట), సగం కథ నడిచే పెద్ద గేములు. ఎక్కువ రాత్రిపూటే. ఏది తీసుకోమంటారు?

దర్గామిట్ట_గేమర్
1440పీ. 4060 మీద 4కే అంటే పెయ్యదూడ మెడ మీద కాడి పెట్టినట్టే.

ఒంగోలు_గిత్త
ఎడ్ల సంగతి మాకొదిలెయ్ దర్గామిట్టా 😀 మాట మాత్రం కరెక్టు. వాలరెంట్ ఆడేవాడు 29 వేలు పెట్టి మళ్ళీ 60 హెర్ట్జే కొనడం ఏంది? 60లో ఒక్కో ఫ్రేము (బొమ్మ) 16.7 మిల్లీసెకన్లు నిలబడుద్ది. 180లో 5.6. మూల తిరిగొచ్చేవాడు అవతలోడికి ముందు కనపడతాడు, నీకు తర్వాత. నేను 60 నుంచి 144కి మారిన రోజు మౌసు కదిలిస్తేనే తేడా తెలిసిపోయింది, గేము దాకా పోనక్కర్లా.

కందుకూరు_కోడర్
నేను ఒప్పుకోను. 4కే మానిటరు కొన్నవాళ్ళు ప్రతి గేమూ నేరుగా 4కేలోనే నడపాలని ఎక్కడుంది? చిన్న బొమ్మని పెంచి చూపించే ఎన్విడియా వాళ్ళ కిటుకు డీఎల్ఎస్ఎస్ ఉంది కదా. 4కేలో దాన్ని పర్ఫార్మెన్స్‌లో పెడితే కార్డు లోపల గీసేది 1080పీ బొమ్మే, దాన్నే పెంచి చూపిస్తుంది. క్వాలిటీలో పెడితే 1440పీ గీస్తుంది. అదే 1440పీ మానిటరు మీద క్వాలిటీ పెడితే లోపల గీసేది 960 వరుసలే. ఎక్కువ చుక్కలున్న తెర మీద డీఎల్ఎస్ఎస్ ఎప్పుడూ బాగుంటుంది.

ఇంకో సంగతి. నేను రోజుకి పది గంటలు తెర మీద అక్షరాలే చూస్తా. 4కేకి మారాక సాయంత్రానికి వచ్చే తలనొప్పి తగ్గింది. తెలుగైతే మరీ. పాత 1080పీలో ఒత్తులన్నీ అలికేసినట్టుండేవి, "లక్ష్మి"లో మావత్తు ఉందో లేదో తెరకి ముక్కు ఆనిస్తే గానీ తెలిసేది కాదు. ఇప్పుడు ఆరామ్‌గా కూర్చుని చదువుతున్నా. తమ్ముడూ, నువ్వు చదువుకునేది కూడా ఆ తెర మీదే కదా?

కావలి_కుర్రోడు
అవునక్కా, బీటెక్ మూడో సంవత్సరం. పీడీఎఫ్‌లన్నీ దాంట్లోనే.

దర్గామిట్ట_గేమర్
అక్క చెప్పేది ఆఫీసు పనికి. టాపిక్ గేమింగు.

కందుకూరు_కోడర్
రాత్రి రెండు గంటలు ఆడతాడు, పగలు ఆరు గంటలు చదువుతాడు. మానిటరు రెండుంటాయా దర్గామిట్టా?

పెన్నాతీరం
అక్క చెప్పిన డీఎల్ఎస్ఎస్ లెక్క సరైందే. కానీ అది సగమే. నా దగ్గర కూడా 4060నే ఉండాది, అందుకని వివరంగా రాస్తుండా.

చుక్కల లెక్క ముందు. 1080పీ అంటే దగ్గర దగ్గర 20.7 లక్షల పిక్సెళ్ళు. 1440పీ అంటే 36.9 లక్షలు. 4కే అంటే 82.9 లక్షలు. అంటే 1080పీకి సరిగ్గా నాలుగింతలు, 1440పీకి రెండుంపావు ఇంతలు. డీఎల్ఎస్ఎస్ పెట్టినా కార్డు పని లోపలి బొమ్మ గియ్యడంతో అయిపోదు. పెంచిన తర్వాత చేసే పనులన్నీ పూర్తి 4కే సైజులోనే జరగాల. టెక్స్చర్లు (వస్తువుల మీద అతికించే బొమ్మలు) కూడా 4కేకి తగ్గవే తెచ్చుకుంటది. అక్కడ అడ్డం పడేది మెమరీ.

4060కి ఉండేది 8 జీబీ, 128 బిట్ల బస్సు (మెమరీకి పోయే దారి). 8 నిండితే మిగిలింది మదర్‌బోర్డు మీది ర్యామ్ లోకి పొర్లుద్ది. ఆ దారి కూడా ఇరుకే, ఈ కార్డు 16 లేన్లు కాదు, 8 లేన్లే వాడుద్ది. మా బావ వాళ్ళ 4కే టీవీకి నా పీసీ తగిలించి చూశా. పైన మూల ఫ్రేములు 50 అనే చూపిస్తుండాది, బొమ్మ మాత్రం గతుకుల్లో ఆటో పోయినట్టు ఎగిరెగిరి పడుతుండాది. టెక్స్చర్లు అల్ట్రా నుంచి మీడియంకి దించితే కుదురుకుంది. 4కే కొనుక్కుని టెక్స్చర్లు మీడియంలో పెట్టుకోవడం దేనికబ్బా? 1440పీలో అదే గేము హైలో, డీఎల్ఎస్ఎస్ క్వాలిటీలో 70కి తగ్గకుండా హాయిగా ఆడుకుంటుండా.

ఒంగోలు_గిత్త
గతుకుల్లో ఆటో... మా కర్నూలు రోడ్డు గుర్తొచ్చింది.

రొయ్యల_చెరువు
4కే కొనుక్కుని, బరువు గేములకి రిజల్యూషన్ తగ్గించుకుంటే పోలా?

పెన్నాతీరం
1080పీకి తగ్గిస్తే కొంత నయం. 4కేలో నాలుగు చుక్కలు కలిస్తే 1080పీ చుక్క ఒకటి, కరెక్టుగా సరిపోద్ది. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్లో ఇంటీజర్ స్కేలింగ్ అని ఉంటది, అది పెడితే అలుక్కుపోకుండా వస్తది. అయితే నువ్వు చూసేది మళ్ళా 1080పీనే, 29 వేలు పెట్టి. ఆ పాత మానిటరు ఏం పాపం చేసింది?

లెక్కలమాస్టారు
అందరూ కార్డు గురించే మాట్లాడుతున్నారు. కన్ను గురించి ఎవరూ అడగలేదు. బాబూ కావలీ, నువ్వు కూర్చున్నప్పుడు నీ కంటికీ తెరకీ మధ్య ఎంత దూరం? టేపు పెట్టి కొలిచి చెప్పు, అందాజాగా వద్దు.

కావలి_కుర్రోడు
కొలిచా సార్. మా చెల్లి టేపు పట్టుకుంది. 65 సెంటీమీటర్లు. బల్ల వెడల్పు రెండడుగులే, అవతల గోడ.

లెక్కలమాస్టారు
మంచిది. మామూలు చూపున్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం వరకు రెండు చుక్కల్ని విడదీసి చూడగలదు. చుక్క వెడల్పుని 3438తో హెచ్చిస్తే, ఏ దూరానికి ఆ చుక్క కంటికి విడిగా కనపడకుండా పోతుందో వస్తుంది.

27 అంగుళాల 1440పీలో చుక్క 0.233 మిల్లీమీటర్లు. 80 సెంటీమీటర్ల దగ్గర కలిసిపోతుంది. 27 అంగుళాల 4కేలో 0.156 మిల్లీమీటర్లు. 53, 54 సెంటీమీటర్లకే కలిసిపోతుంది. నీది 65. కాబట్టి 4కేలో చుక్క కనపడదు, 1440పీలో పరీక్షగా చూస్తే కనపడుతుంది. నీ పాత 22 అంగుళాల దాంట్లో చుక్క 0.254, అది మాయం కావాలంటే 87 సెంటీమీటర్లు వెనక్కి పోవాలి.

కందుకూరు_కోడర్
మాస్టారూ, మీ లెక్క నా పక్షానే ఉంది. 0.25 నుంచి 0.233 అంటే ఏం మారినట్టు? 27 అంగుళాల 1440పీ కొంటే తెర పెద్దదవుతుంది గానీ అక్షరం నునుపు దాదాపు ఇప్పుడున్నంతే. 21 వేలు పెట్టి అదే గరుకు.

దర్గామిట్ట_గేమర్
దీనికి నా దగ్గర జవాబు లేదు.

పెన్నాతీరం
అక్క పాయింటు నిజమే. నేను 24 నుంచి మారా కాబట్టి నాకు తేడా తెలిసింది. 24 అంగుళాల 1080పీ చుక్క 0.277 ఉంటది, చాలా ముతక.

లెక్కలమాస్టారు
అమ్మాయి సరిగ్గా పట్టుకుంది. దానికి దారి దూరం పెంచడమే. బాబూ, ఇంట్లో ఫ్రిజ్‌దో వాషింగ్ మిషన్‌దో పాత అట్టపెట్టె ఉంటే 60 సెంటీమీటర్ల వెడల్పు, 34 ఎత్తు కోసి మీ బల్ల మీద గోడకి ఆనించు. 27 అంగుళాల తెర అంతే ఉంటుంది. రెండు రోజులు దాని ముందు కూర్చుని చదువుకో. మెడ ఎంత తిరుగుతోందో నీకే తెలుస్తుంది. మా అబ్బాయి 32 అంగుళాలది కొంటానంటే ఇట్లాగే అట్ట కోసిచ్చాను. రెండో రోజుకి వాడే 27 చాలన్నాడు.

గూడూరు_నిమ్మ
23.8 అంగుళాల్లో కూడా 1440పీ వస్తుంది కదా. చుక్క 0.206, మాస్టారి సూత్రం ప్రకారం 71 సెంటీమీటర్లు. దొరకడమే కష్టం. నేను చెన్నై రిచీ స్ట్రీటు అంతా తిరిగితే రెండు షాపుల్లో కనపడింది.

చెన్నైలో కొనేవాళ్ళకి ఒక మాట. నేను అక్కడ కొని పినాకినిలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నా. ఇంటికొచ్చి నల్ల తెర పెడితే సరిగ్గా మధ్యలో ఒక ఆకుపచ్చ చుక్క వెలుగుతా ఉంది. రాత్రి సీన్లు వచ్చినప్పుడల్లా మిణుగురు పురుగు కూర్చున్నట్టుండేది. ఫోన్ చేస్తే షాపువాడు కంపెనీని అడగమన్నాడు, కంపెనీవాళ్ళు ఒక్క చుక్కకి మార్చం అన్నారు. ఇన్ని చుక్కలు దాటితేనే మారుస్తాం అనే షరతు చాలా కంపెనీలకి ఉంటుంది, కొనేముందు ఎవరూ చదవరు. రెండేళ్ళు ఆ చుక్కతోనే వాడా. షాపులోనే పెట్టె విప్పించి ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, నలుపు అయిదు రంగులూ నిండుగా పెట్టించి చూసుకోండి. వాడు విసుక్కున్నా సరే.

పలక_బలపం
మాది మార్కాపురం. మానిటరు అయితే కొంటారు, వైరు మాత్రం పాతదే పెడతారు. నా సంగతి వినండి. 4కే 144 హెర్ట్జ్ కొన్నా. పాత మానిటరుకి ఉన్న హెచ్‌డీఎంఐ వైరే దీనికి గుచ్చా. ఎనిమిది నెలలు వాడా. ఒకరోజు మా తమ్ముడు వచ్చి సెట్టింగుల్లో చూస్తే 60 హెర్ట్జ్! ఎనిమిది నెలలు నేను డబ్బులు పెట్టి కొన్నదాన్లో సగం కూడా వాడలా.

హెచ్‌డీఎంఐ 2.0 మొత్తం దారి సెకనుకి 18 గిగాబిట్లు, 4కేలో 60 దాకే మోస్తుంది. 2.1 అయితే 48 వరకు. ఇంకో రకం వైరు, డిస్‌ప్లేపోర్టు 1.4 అయితే 32.4, డీఎస్‌సీ అనే కుదింపుతో 4కే 144 లాగేస్తుంది. పెట్టెలో డిస్‌ప్లేపోర్టు వైరు ఇస్తే అదే వాడండి. తర్వాత విండోస్ సెట్టింగుల్లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే లోకి పోయి హెర్ట్జ్ చేత్తో మార్చాలి. చాలాసార్లు 60లోనే ఉండిపోతుంది.

ఇంకోటి, పెట్టె మీద 2.1 అని ఉన్నంత మాత్రాన నమ్మొద్దు. 2021లోనే తేలింది, 2.0 పని మాత్రమే చేసే పోర్టుకి కూడా 2.1 అని వేసుకోవచ్చని రూలు. 4కే 120 హెచ్‌డీఎంఐ మీద వస్తుందని మాన్యువల్లో రాసుందా లేదా, అది చూడాలి.

చీమకుర్తి_నల్లరాయి
పైన పలక చెప్పింది పీఎస్5 (ప్లేస్టేషన్ గేమ్ పెట్టె) వాళ్ళకి మరీ ముఖ్యం. దానికి డిస్‌ప్లేపోర్టు లేదు, హెచ్‌డీఎంఐ ఒక్కటే. మా అక్క కొడుకు 1440పీ మానిటరుకి తగిలించి మసకగా ఉందని గోల చేశాడు. మొదట్లో పీఎస్5కి 1440పీ వచ్చేదే కాదు, 2022 సెప్టెంబరు అప్‌డేట్ నుంచి వస్తోంది. అప్‌డేట్ చేసి, సెట్టింగుల్లో మార్చాక కుదిరింది.

కావలి_కుర్రోడు
నాకు పీఎస్5 లేదన్నా, పీసీనే. ఆ 4కే పెట్టె మీద హెచ్‌డీఆర్ అని కూడా రాసుండాది. దానికేమన్నా విలువుందా?

పెన్నాతీరం
హెచ్‌డీఆర్ అంటే వెలుగూ చీకటీ తేడా ఇంకా బాగా చూపించేది. నీది ఏ హెచ్‌డీఆర్? డిస్‌ప్లే హెచ్‌డీఆర్ 400 అయితే పట్టించుకోవద్దు. 400 నిట్ల వెలుగు వస్తే దాదాపు చాలు ఆ ముద్ర వేసేస్తారు, తెరలో వెలుగుని ముక్కలుగా తగ్గించే ఏర్పాటు లేకపోయినా సరే. చీకటి గుహలో దివిటీ ఉందనుకో, దివిటీతో పాటు గుహ కూడా తెల్లబడుద్ది.

దర్గామిట్ట_గేమర్
చీకటి అంటే గుర్తొచ్చింది. రాత్రిపూట ఆడతా అన్నాడు. వీఏ ప్యానెల్ (ఐపీఎస్ లాగే ఇంకో రకం తెర) చూడొచ్చు కదా? నలుపు బాగుంటది. కాంట్రాస్టు (తెలుపూ నలుపూ తేడా) 3000 దాకా వస్తది, ఐపీఎస్‌కి 1000 చుట్టూనే.

ఒంగోలు_గిత్త
వాలరెంట్ ఆడేవాడికి వీఏ చెప్పొద్దబ్బాయ్. చవక వీఏలో చీకట్లో ఏదన్నా కదిలితే వెనకాల నల్లటి చార సాగుద్ది, తడి సున్నం మీద చెయ్యి ఈడ్చినట్టు. నా దగ్గరుంది, రోజూ చూస్తున్నా. ఐపీఎస్‌లో మూలల్లో కాస్త తెల్లటి మెరుపు ఉంటది. గదిలో చిన్న లైటు వేసుకుంటే అది తెలియదు.

గూడూరు_నిమ్మ
డబ్బులుంటే ఓఎల్ఈడీ (చుక్క చుక్కా సొంతంగా వెలిగే తెర). ఈ గొడవలేవీ ఉండవు.

కందుకూరు_కోడర్
32 వేలకి రాదు. వచ్చినా రోజంతా టాస్కుబారు ఒకేచోట వెలిగితే అచ్చు పడిపోయే భయం దానికి. చదువుకునే పిల్లాడికి వద్దు.

చీమకుర్తి_నల్లరాయి
34 అంగుళాల అడ్డపొడుగు తెరలు? 32 అంగుళాలు దాటితే జీఎస్టీ 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి వాటికీ 18కి దించారు.

పెన్నాతీరం
మాస్టారు అట్ట కోయించేది అందుకే. రెండడుగుల బల్ల మీద 34 అంటే కాలవ గట్టు మీద లారీ ఎక్కించినట్టే.

రొయ్యల_చెరువు
కరెంటు సంగతి ఎవరూ మాట్లాడలేదు. మా వైపు ఎండాకాలం వోల్టేజీ ఎట్టా కొట్టుకుంటదో చెరువులోళ్ళకి తెలుసు. యూపీఎస్ ఉందా తమ్ముడూ? 600 వీఏ (తెర రకం కాదు, వోల్ట్-ఆంపియర్లు) అని రాసుంటే అది మామూలుగా 360 వాట్లే మోస్తది. 4060 ఒక్కటే 115 వాట్లు లాగుద్ది, ప్రాసెసరు, మానిటరు, మిగతావన్నీ కలిపితే గేము మధ్యలో అంచుకి పోద్ది. మా వాడి పీసీ అట్టనే కరెంటు పోయిన మరుక్షణం కీచుమని ఆరిపోయింది, యూపీఎస్ ఉండి కూడా. 21 వేలదే తీసుకుంటే మిగిలిన దాంట్లో 1100 వీఏది వస్తది.

కావలి_కుర్రోడు
యూపీఎస్ 600దే ఉండాది, అది కూడా పాతది. ఈ మాట నా బుర్రకే తట్టలేదన్నా.

అట్ట కోశా మాస్టారూ. చెల్లి దాని మీద చేప బొమ్మ గీసి పెట్టింది, షాపులో చూసింది ఇదేనంట. రెండు రోజులు కూర్చున్నా. సైజు బాగుంది, మెడ తిరగడంల. కానీ దగ్గరైంది. మా వీధి చివర వడ్రంగి మామని పిలిచి చూపించా. బల్లని ఆరంగుళాలు ముందుకి జరిపి, గోడకీ బల్లకీ మధ్య ఆరంగుళాల చెక్క కలుపుతానన్నాడు. వేపచెక్క ఆయన దగ్గరే ఉందంట, 600 అడిగాడు. అప్పుడు 80 వస్తుంది.

లెక్కలమాస్టారు
భేష్. చెక్క కింద బ్రాకెట్లు గట్టివి వేయించు, మానిటరు స్టాండు బరువంతా దాని మీదే పడుతుంది.

కందుకూరు_కోడర్
80కి పోతే నా అభ్యంతరం సగం తీరింది. అక్షరాలు మాత్రం 125 శాతం పెట్టుకో, అంత దూరం నుంచి కళ్ళు చికిలించి చదవొద్దు. మళ్ళీ కార్డు మార్చిన రోజు ఇదే చర్చలో 4కే మాట నేనే ఎత్తుతా.

కావలి_కుర్రోడు
కొన్నా. 1440పీ, 27, 180 హెర్ట్జ్. నెల్లూరులో అదే షాపు. బేరమాడితే 20,500కి ఇచ్చాడు. గూడూరు అన్న చెప్పినట్టు అయిదు రంగులూ పెట్టించా. తెలుపులో కింద కుడివైపు నల్ల చుక్క కనపడేసరికి గుండె జారింది. షాపాయన మెత్తటి గుడ్డతో తుడిస్తే పోయింది, దుమ్ము. బస్సులో డ్రైవరు వెనక సీటులో పెట్టె నిలబెట్టి కావలి దాకా రెండు చేతుల్తో పట్టుకునే ఉన్నా.

ఇంటికొచ్చి డిస్‌ప్లేపోర్టు వైరు పెట్టి చూస్తే, పలక అన్న చెప్పినట్టే 60లో ఉండాది. 180కి మార్చా. మౌసు బాణం వెన్నలో జారినట్టు పోతుంది. వాలరెంట్‌లో నిన్న రాత్రి ఎదురొచ్చినోళ్ళని చూసి కాల్చా, ఇంతకుముందు పడిపోయాక చూసేవాణ్ణి. ఎల్డెన్ రింగ్ గేము మాత్రం 60 దాటడంల, సెట్టింగు ఏమన్నా ఉందా?

పెన్నాతీరం
ఆ గేముకి పీసీలో 60కే గొళ్ళెం ఉండాది, నీ తప్పేం లేదు. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్లో జీసింక్ (మానిటరు వేగాన్ని కార్డు ఫ్రేములకి కలిపేది) ఆన్ చేసుకో. మానిటరు ఏఎండీ వాళ్ళ ఫ్రీసింక్‌ది అయినా 2019 జనవరి నుంచి ఎన్విడియా కార్డులకి పనిచేస్తది. ఫ్రేములు 70, 90 మధ్య ఊగే గేముల్లో బొమ్మ చీలకుండా ఉంటది.

కావలి_కుర్రోడు
చేశా. కోట గోడ పక్కన తిరిగేటప్పుడు అడ్డంగా చీలేది, ఇప్పుడు లేదు. యూపీఎస్ రేపు తెస్తా.

ఒంగోలు_గిత్త
ఐడీ పంపు, రాత్రికి కలిసి ఆడదాం.

రొయ్యల_చెరువు
ఆ పాత 22 అంగుళాలది అమ్ముతావా తమ్ముడూ? చెరువు దగ్గర షెడ్డులో సీసీ కెమెరాలకి తెర లేక ఫోన్లో చూసుకుంటుండా.

కావలి_కుర్రోడు
మా నాయన్ని అడిగా అన్నా, ఇచ్చెయ్యమన్నాడు. 1500 ఇవ్వు. గీత ఒకటి కూడా లేదు, కింద స్టాండు మాత్రం కాస్త ఊగుద్ది.

రొయ్యల_చెరువు
గోడకి కొట్టేస్తా, స్టాండుతో పని లేదు. వెనకాల నాలుగు స్క్రూ బొక్కలు ఉండాయా? హెచ్‌డీఎంఐ ఉందా, వీజీఏ ఒక్కటేనా?

కావలి_కుర్రోడు
బొక్కలు ఉండాయి. వైరు రెండు రకాలూ పడుద్ది.

రొయ్యల_చెరువు
అయితే ఆదివారం పొద్దున్నే వస్తా. రొయ్యలు ఒక కేజీ తెస్తుండా, అమ్మకి చెప్పు.